మధ్యాహ్నం క్యారేజీ

చిరంజీవి శ్రీనుకు, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఫోనులో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అంటూ సగం వినకుండా పెట్టేస్తావని ఈ ఉత్తరం. పార్సిల్ ఎలాగూ పంపుతున్నాను కాబట్టి అందులోనే పెడుతున్నాను. పనిగట్టుకుని రాయవలసిన విషయమేమీ లేదు. దొడ్లో కొబ్బరిచెట్టుకు మళ్లీ నల్లి పట్టింది. గంగ ఈనింది, పెయ్యదూడ. అక్క పండక్కి నాలుగు రోజుల ముందే వస్తానంది.

మొన్న ఆదివారం రాజ్యం అత్తయ్య వాళ్ల అబ్బాయి వచ్చాడు. అమీర్‌పేటలో నిన్ను చూశాడట. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు టీకొట్టు దగ్గర, రెండు ఉస్మానియా బిస్కెట్లతో నిలబడి ఉన్నావట. "చిక్కిపోయాడు మామయ్యా" అన్నాడు. వాడి మాట నేను పట్టించుకోలేదు. వాడి కంటికి తను తప్ప అందరూ చిక్కిపోయినవాళ్లే. మీ అమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆ రాత్రే బస్సెక్కేది.

గదిలో ఫ్యాను బాగు చేయించారా? నీళ్లు కాచుకునే తాగుతున్నావా? బిస్కెట్లు తినడం తప్పని నేననను. కానీ అన్నం వేళకు అన్నం తినకుండా... సరే, ఉపదేశాలు వద్దులే. ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

1987లో నాకు కండక్టరు ఉద్యోగం కొత్త. మీ చిన్నత్తయ్య పెళ్లి కుదిరింది, తాతయ్య చేతిలో ఏమీ లేదు. హోటల్లో భోజనం నాలుగైదు రూపాయలు. అది మానేస్తే నెలకు వందకు పైగా మిగులుతుందని లెక్కేశాను. పొద్దున ఇంట్లో చద్దన్నం తినేసి, మధ్యాహ్నం టీతో సరిపెట్టేవాణ్ణి. మూడు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు విజయవాడ నుంచి గుడివాడ తిరుగు ట్రిప్పు. మే నెల ఎండ, బస్సు నిండా జనం. కంకిపాడు దాటాక ఒక పెద్దావిడ యాభై నోటిచ్చింది. నా కళ్లకు అది వంద. వందకు సరిపడా చిల్లర లెక్కపెట్టి ఆవిడ చేతిలో పోశాను. ఆవిడ కూడా చూసుకోకుండా కొంగున ముడేసుకుంది. రాత్రి డిపోలో క్యాషు లెక్క చూస్తే సరిగ్గా యాభై తక్కువ. తగ్గింది మన జేబులోంచే కట్టాలి కదా. పది రోజులు కడుపు మాడ్చుకుని మిగిల్చినదంతా ఒక్క నోటుతో పోయింది.

మా డ్రైవరు సుబ్బయ్య మామ ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం తన క్యారేజీ నా ముందుకు జరిపాడు. పై గిన్నెలో పెరుగన్నం, గడ్డ కట్టి, చెంచా దిగితే అంచు నిలబడేలా ఉంది. అంత ఎండలోనూ పులుపు లేదు. పొద్దున అన్నం గోరువెచ్చగా ఉండగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు తోడు వేసి మూత పెడుతుందట వాళ్లావిడ. మధ్యాహ్నానికి గిన్నెలోనే తోడుకుంటుంది. ఉప్పు తినేముందు వేసుకోవాలి. పక్కన ఉల్లిపాయ, ఊరమిరపకాయ. కింది గిన్నెలో ముద్దపప్పు. అప్పట్లో కార్డు బియ్యం కిలో రెండు రూపాయలు, మొత్తానికి హోటలు భోజనంలో సగం కూడా అయ్యుండదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను క్యారేజీ లేకుండా డ్యూటీ ఎక్కలేదు. మీ అమ్మనడుగు.

నువ్వు అదే చెయ్యి. మీ గదిలో కరెంటు కుక్కరుంది కదా. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పెసరపప్పు, జీలకర్ర, నాలుగు మిరియాలు వేస్తే పులగం. కందిపప్పు కంటే త్వరగా ఉడుకుతుంది. పైతట్టలో రెండు గుడ్లు పెడితే ఆ ఆవిరికే ఉడికిపోతాయి. పులగంలోకి కందిపొడి, నెయ్యి. వారానికి రెండుసార్లు పులిహోర కలుపుకో, వేరుశనగపప్పు ఎక్కువ వేసి. చింతపండు పులుసుంటుంది కనుక సాయంత్రం దాకా పాడవదు. ఏదైనా సరే, వేడివేడిగా మూత బిగించకు. చెమ్మ పట్టి పాసిపోతుంది. ఆరనిచ్చి పెట్టు. ఎప్పుడూ చెప్పేదే, ఎప్పుడూ వినవు.

వండుకోలేని రోజున ఐదు రూపాయల భోజనం ఉండనే ఉంది. మీ హైదరాబాద్‌లో 2014 నుంచి పెడుతున్నారు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లంటున్నారు. చొక్కా టక్కు చేసుకుని ఆ వరసలో నిలబడాలంటే నామోషీ అనకు. 2024 ఆగస్టులో మన గుడివాడలో అన్న క్యాంటీన్ మళ్లీ తెరిచాక, మీ అమ్మ అక్క దగ్గరికి వెళ్లిన వారమంతా నేను అక్కడే తిన్నాను. పదవీ విరమణ చేసిన మాస్టార్లు కూడా కనిపించారు. పప్పు కాస్త పలచన, అంతే. టీ, బిస్కెట్ల కంటే నయం.

నేనేమీ అడగడం లేదు. కానీ నెల నెలా ఎనిమిది వేలు పంపుతున్నావు. అక్క పెళ్లి బాకీ తీరడానికి ఇంకా పద్నాలుగు నెలలుందని నువ్వు క్యాలెండరు మీద రాసిపెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. బాకీ నాది. పింఛను వస్తోంది, పాలు పోస్తున్నాం. ఇరవై నెలలు పట్టినా అప్పిచ్చినాయన ఏమీ అనడు, అడిగి వచ్చాను. ఈ నెల డబ్బులోంచి మూడు వేలు నీ ఖాతాకు తిరిగి వేశాను. మళ్లీ ఇటు పంపితే మళ్లీ వేస్తాను. నాకు వేరే పనేమీ లేదు.

పార్సిల్లో కందిపొడి, నువ్వులపొడి, ఆవకాయ ఉన్నాయి. ఆవకాయలో తడి చెంచా పెట్టకు. అడుగున పాత బట్టలో చుట్టింది నా స్టీలు క్యారేజీ. పైగిన్నె మూత కాస్త వదులు, రబ్బరు బ్యాండు వేసుకో. నెయ్యి సీసా మాత్రం ఖాళీ అయ్యాక తిరిగి పంపు, అది మీ అమ్మది, రోజూ అడుగుతుంది.

మీ నాన్న