షెడ్యూల్ కష్టమైతే ఓటములు మాఫీయా?

ఒరేయ్ శీనూ,

నా మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేశావు, అందుకే రాస్తున్నా. టస్కలూసాలో ఎమ్మెస్ చేశావు, అక్కడి అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమంటే ప్రాణం, కాదనను. కానీ 2024లో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో (కమిటీ ఎంచిన టీములు ఛాంపియన్‌షిప్ కోసం ఆడే నాకౌట్) మీవాళ్లకి చోటు దక్కకపోవడం అన్యాయమని, గట్టి టీములతో ఆడారు కాబట్టి ఓటముల్ని పట్టించుకోకూడదని ఇంకా అంటావే, అదే నాకు మింగుడుపడదు.

మీది 9-3 (తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు), చోటు దక్కిన మా డాలస్ యూనివర్సిటీ టీము ఎస్ఎంయూది 11-2. మీ షెడ్యూల్ కష్టం, ఒప్పుకుంటా. జార్జియాని ఓడించారు, అదీ ఒప్పుకుంటా. మరి ఆ మూడు ఓటముల్లో రెండు ఎవరి చేతిలో? వాండర్‌బిల్ట్ 40-35, ఓక్లహోమా 24-3. రెండూ రెగ్యులర్ సీజన్‌ని 6-6తో ముగించిన టీములే! పెద్ద టీము చేతిలో ఓడితే షెడ్యూల్ పేరు చెప్పుకోవచ్చు గానీ, వీళ్ల చేతిలో ఓడి కూడానా? మావాళ్ల రెండో ఓటమి మా కాన్ఫరెన్స్ (కొన్ని టీముల లీగ్) ఏసీసీ ఫైనల్లో, అదీ క్లెమ్సన్ చివరి క్షణంలో కొట్టిన 56 గజాల ఫీల్డ్ గోల్‌తో (గోల్‌పోస్టుల మధ్యకి తన్నే కిక్). ప్లేఆఫ్‌లో పెన్ స్టేట్ మమ్మల్ని 38-10తో చితక్కొట్టిందని ఎత్తిపొడుస్తావు, తెలుసు. మీరేమో బౌల్ గేమ్‌లో (సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్) మిషిగన్ చేతిలో 19-13తో ఓడారు. ఎంపికయ్యాక జరిగినవాటిని లెక్కేస్తే ఇద్దరికీ పరువు మిగలదు, వదిలెయ్.

అసలు గొడవంతా షెడ్యూల్ బలాన్ని సగటుతో కొలవడం వల్ల వస్తోంది. ప్లేఆఫ్‌కి ముందున్న ర్యాంకింగ్ పద్ధతి బీసీఎస్ మొదట్లో ప్రత్యర్థుల గెలుపు శాతానికి మూడింట రెండొంతులు, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల శాతానికి ఒక వంతు విలువిచ్చి షెడ్యూల్ బలం తేల్చేది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ టాప్ టీముకి 70వ ర్యాంకువాడైనా 130వ ర్యాంకువాడైనా దాదాపు ఒకటే, ఇద్దర్నీ ఓడిస్తుంది. సగటులో మాత్రం వాళ్లిద్దరి తేడా పెద్దగా కనిపిస్తుంది. నిజంగా భయపెట్టేవి ఆ మూడు నాలుగు మ్యాచ్‌లే.

అందుకే నేననేది, షెడ్యూల్‌కి విడిగా మార్కులు వెయ్యొద్దు. ఓ మంచి టీము ఇదే షెడ్యూల్ ఆడితే ఎన్ని గెలిచేదో అంచనా వేసి, అంతకన్నా ఎక్కువ గెలిచినవాడికి పైర్యాంకు ఇవ్వాలి. అప్పుడు కష్టానికి విలువ దక్కుతుంది, ఓటమి ఓటమిగానే ఉంటుంది.

దీంట్లోనూ ఓ చిక్కుంది. మీ కాన్ఫరెన్స్ ఎస్ఈసీలోని టీములు ఎక్కువగా తమలో తామే ఆడుకుంటాయి. 'మేమంతా గొప్ప, కాబట్టి మా చేతుల్లో ఓడినవాళ్లూ గొప్ప' అనే లెక్క అక్కడ పుడుతుంది. బయటి టీములతో ఆడే కొద్ది మ్యాచ్‌లే దాన్ని పరీక్షించాలి. 2017లో చిన్న కాన్ఫరెన్స్ టీము యూసీఎఫ్ (సెంట్రల్ ఫ్లోరిడా) ఒక్క మ్యాచ్ ఓడకపోయినా కమిటీ 12వ ర్యాంకుతో సరిపెట్టింది. వాళ్లేమో పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ని 34-27తో కొట్టారు. ఆ ఆబర్నే అంతకుముందు జార్జియానీ, మీ అలబామానీ ఓడించింది. చిన్న కాన్ఫరెన్స్‌వాడిని పెద్ద టీములు తమ షెడ్యూల్లోకి రానివ్వకపోతే వాడి బలం తెలిసేదెలా?

2023లో 13-0 ఫ్లోరిడా స్టేట్‌ని పక్కనపెట్టి 12-1తో ఉన్న మిమ్మల్ని ప్లేఆఫ్‌లోకి తీసుకున్నప్పుడు నీకు న్యాయం గుర్తు రాలేదేం? వాళ్ల క్వార్టర్‌బ్యాక్‌కి (టీము దాడిని నడిపించే ఆటగాడికి) దెబ్బ తగిలిందట, అదీ కారణం!

జవాబు రాయి. ఓక్లహోమాతో ఆ 24-3 ఊసెత్తకుండా రాస్తే మాత్రం చదవను.

నీ
మురళి