బీట్‌రూట్ ఎరుపు వేరు, రక్తం ఎరుపు వేరు

సంపాదకులకు నమస్కారం.

బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి తింటే ఒంటికి రక్తం పడుతుందని మీ ఆరోగ్య పేజీలో రాశారు. ల్యాబ్ టెక్నీషియన్‌గా రోజూ హిమోగ్లోబిన్ (రక్తానికి ఎరుపునిచ్చే, ఇనుము ఉన్న ప్రోటీన్) పరీక్షలు చేస్తుంటాను. ఈ మాట నమ్మి ఐరన్ మాత్రలు మానేసి, ఒట్టి జ్యూస్ తాగుతూ కూర్చున్నవాళ్లు నాకు తరచూ కనిపిస్తుంటారు. అందుకే ఈ ఉత్తరం.

బీట్‌రూట్ రంగు బీటలైన్లు అనే మొక్కల రంగు పదార్థాలది. అందులో ఎరుపు వైపుది బీటానిన్. హిమోగ్లోబిన్‌లో లాగా దానిలో ఇనుము పరమాణువే లేదు. వంద గ్రాముల దుంప మొత్తంలో వెతికినా ఇనుము ఒక మిల్లీగ్రాముకు తక్కువే.

ఈ తేడా మా బల్ల మీద కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. బీట్‌రూట్ తిన్నాక నూటికి పది పద్నాలుగు మందికి మూత్రం ఎర్రగా వస్తుంది. పాపం, హడలిపోయి శాంపిల్ పట్టుకొస్తారు. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిరగిరా తిప్పి బరువైనవాటిని అడుక్కి దించే యంత్రంలో, తిప్పుతాం. మూత్రంలో రక్తం పోతుంటే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన నీరు తేటపడుతుంది. బీట్‌రూట్ అయితే అడుగున ఎరుపు ఉండదు, పైనున్న నీరంతా గులాబీగానే ఉండిపోతుంది. ఇనుము లోపం ఉన్నవాళ్లలో ఇలా రావడం ఇంకా ఎక్కువ. రక్తం పట్టిస్తుందని చెప్పిన రంగు, రక్తం తక్కువైనవాళ్లలోనే ఎక్కువగా బయటికి పోతోందన్నమాట!

అలాగని ఆ రంగును తీసిపారేయకండి. బీటానిన్ మంచి యాంటీఆక్సిడెంట్. తన ఎలక్ట్రాన్లు ఇచ్చి, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను శాంతింపజేస్తుంది, కొవ్వులు ఆక్సీకరణ చెందకుండా అడ్డుకుంటుంది. ఇదంతా పరీక్షనాళికలో స్పష్టంగా కనబడింది. ఒంట్లోకి వచ్చేసరికి కథ మారుతుంది. తిన్న బీటానిన్‌లో మూత్రంలో తేలేది సాధారణంగా ఒక శాతం లోపే, దీన్నిబట్టి పేగుల నుంచి రక్తంలోకి చేరేది బహు కొంచెమని అంచనా. కాబట్టి 'క్యాన్సర్ రాదు' లాంటి హామీలు దీని పేరున ఇవ్వకూడదు. బీపీ కాస్త తగ్గించే గుణం కూడా రంగుది కాదు, దుంపలోని నైట్రేట్లది.

ఆ రంగు దక్కాలంటే తొక్కతోనే ఉడికించాలి. ముక్కలు కోసి ఉడికిస్తే చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది, ఎక్కువసేపు మరిగితే గోధుమరంగుకు తిరుగుతుంది. వ్యాసంలో ఈ సంగతి ఒక్క వాక్యమైనా లేదు.

దయచేసి అదే పేజీలో సవరణ వేయండి. రక్తహీనత ఉన్నవాళ్లు డాక్టర్ ఇచ్చిన మాత్రలు సొంతంగా ఆపొద్దని, కారణం తేల్చే పరీక్షలు చేయించుకోవాలని పెద్ద అక్షరాల్లో రాయండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్