ఫిబ్రవరి 1 నుంచి కిలోమీటరుకు రూపాయిన్నర ఎక్కువ: లెక్క ఇదీ

నమస్తే అండి.

మియాపూర్, కూకట్‌పల్లి, నిజాంపేట వైపు మా ఎలక్ట్రిక్ క్యాబ్‌లు వాడుతున్న పాత కస్టమర్ల కోసం ఇది రాస్తున్నాను. ఫిబ్రవరి 1 నుంచి ఊళ్ల ట్రిప్పులకు కిలోమీటరు రేటు 14 రూపాయల నుంచి 15.50 అవుతుంది. ఎయిర్‌పోర్ట్ డ్రాప్ 1,050 నుంచి 1,150కి వెళ్తుంది. ఇప్పటికే బుక్ చేసుకున్న ట్రిప్పులు ఏ తారీఖువైనా పాత రేటుకే నడుస్తాయి. నెలవారీ ఆఫీసు కార్లకు మార్చి 31 దాకా మార్పు లేదు.

ఈ మాట వాట్సాప్ గ్రూపులో పెట్టగానే రెండు రకాల జవాబులు వచ్చాయి. "మీరూ యాప్‌ల దారే పట్టారు" అని కొందరు అన్నారు. దానికి నేనేమీ చెప్పను. వాన పడిందని, పండగ వచ్చిందని రేటు మార్చని వాళ్లం మేము. ఇన్నేళ్లు ఎక్కినవాళ్లకు అది తెలుసు. రెండోది మాత్రం న్యాయమైన ప్రశ్న: "ప్రకటనల్లో పది లక్షల లోపే ఎలక్ట్రిక్ కారు అంటున్నారు, మీకు మాత్రం ఎందుకు పెరిగింది?"

మా పాత సెడాన్లు సబ్సిడీ ఉన్న రోజుల్లో కొన్నవి. టాక్సీగా రిజిస్టరయ్యే ఎలక్ట్రిక్ కారుకు ఫేమ్-2 అనే కేంద్ర సబ్సిడీ పథకం కింద బ్యాటరీలో పట్టే ఒక్కో యూనిట్ కరెంటుకు 10,000 రూపాయలు వచ్చేవి. 26 యూనిట్ల బ్యాటరీ అంటే 2.60 లక్షలు. 2024 మార్చి 31తో ఆ పథకం అయిపోయింది. అదే ఏడాది అక్టోబరులో మొదలైన కొత్త పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో స్కూటర్లు, ఆటోలు, బస్సులు, లారీలు ఉన్నాయి గాని కార్లు లేవు. బ్యాటరీ సెల్స్ ఎక్కువ భాగం చైనా నుంచే రావాలి. బ్యాటరీలు ఎగుమతి చేసేవాళ్లకు అక్కడి ప్రభుత్వం వెనక్కిచ్చే పన్నును 2024 డిసెంబరులో 13 శాతం నుంచి 9కి కోసేశారు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. ఇవన్నీ తిరిగి తిరిగి షోరూమ్ ధరలోకే వస్తాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఎలక్ట్రిక్ కార్లది ముందూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే. ఒక్క టాటా నెక్సాన్ పెట్రోలు మీదే వేరియంటును బట్టి లక్షన్నర దాకా దిగింది. ఎలక్ట్రిక్ ధర కదలకపోయినా రెండింటి మధ్య తేడా అంత పెరిగినట్టే. మనకు కలిసొచ్చేది ఒక్కటే: తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 దాకా లేవు. 14 లక్షల కారు మీద అది రెండు లక్షలకు పైమాట. కార్లు ఈ లోపే తీసుకోవాలని పట్టుబట్టింది అందుకే.

రూపాయిన్నర ఎలా వచ్చిందంటే, పాత కారు మీద అప్పు 8.5 లక్షలు. పది శాతం వడ్డీకి ఐదేళ్లంటే ఈఎంఐ దాదాపు 18,000. కొత్త కారు మీద అప్పు 11.5 లక్షలు, ఈఎంఐ 24,400. నెలకు 6,400 ఎక్కువ. ఒక్కో కారు నెలకు 5,000 కిలోమీటర్లు తిరుగుతుంది, అందులో కస్టమరు డబ్బులిచ్చేది 4,000. మిగతా వెయ్యి ఖాళీగా వెళ్లి రావడమే. 6,400ను 4,000తో భాగిస్తే రూపాయి అరవై. రూపాయిన్నర తీసుకుంటున్నాం.

సంక్రాంతికి విజయవాడ, రాజమండ్రి వెళ్లిన కొందరికి మా కారు కాకుండా బయటి డీజిల్ కారు వచ్చింది. కారణం చెప్పాలి. కొత్త కార్లు నాలుగు అక్టోబరులోనే బుక్ చేశాం. డిసెంబరు 20 లోపు డెలివరీ అనీ, బుకింగ్ నాటి ధరే అనీ సేల్స్ మేనేజరు మెయిల్‌లో రాసి ఇచ్చాడు. నవంబరులో అడిగితే "అలాట్‌మెంట్ అయింది" అన్నారు. ఒక్కో కారుకు విడిగా ఉండే ఛాసిస్ నంబర్లు పంపమంటే పది రోజులు ఫోన్ ఎత్తలేదు. డిసెంబరు చివర్లో రెండే వచ్చాయన్నారు, వాటిని ఇంకెవరికో బిల్లు చేశారు. జనవరి 2న ఫోన్ చేసి ధర పెరిగింది, కారుకు 38,000 అదనం అన్నారు. మెయిల్ చూపిస్తే, బుకింగ్ ఫారం వెనక సన్నక్షరాల్లో "ఇన్‌వాయిస్ నాటి ధర వర్తిస్తుంది" అని ఉందని చూపించారు. మాట రాసిచ్చినవాడి సంతకం కంటే ఫారం వెనక అచ్చేసిన ముక్కకే విలువట. నాలుగు కార్లకు 1.52 లక్షలు. ఆ డబ్బు కట్టి ఉంటే ఫిబ్రవరిలో కార్లు వచ్చేవి. కట్టలేదు, బుకింగ్ రద్దు చేశాం. టోకెన్ డబ్బులు ఇంకా తిరిగి రాలేదు. షోరూమ్ పేరు, బుక్ చేసిన కారు పేరు రాయను. కారు తప్పేమీ లేదు, అదే కారు వేరే షోరూమ్‌లో కొన్నవాళ్లకు వేళకు అందింది.

మీలో కారు కొనాలనుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక మాట. "అలాట్ అయింది" అంటే ఛాసిస్ నంబరు అడగండి. నంబరు చెప్పలేకపోతే కారు లేనట్టే. నంబరు వచ్చాక తయారైన నెల చూడండి. డిసెంబరులో తయారైనది జనవరిలో రిజిస్టర్ చేస్తే, అమ్మేటప్పుడు ఏడాది పాతదిగానే లెక్కేస్తారు.

ఇప్పుడు ఆ "పది లక్షల లోపు" సంగతి. ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబరులో వచ్చినప్పుడు ధర 9.99 లక్షలు, బ్యాటరీకి మాత్రం కిలోమీటరుకు 3.50 అద్దె. బ్యాటరీతో కలిపి కొంటే 13.50 లక్షలు. 2025 జనవరికల్లా అది 14 లక్షలైంది, తరవాత అద్దె 3.90కి చేరింది. మాకు కారు అప్పు ఇస్తామన్న ఫైనాన్స్ వాళ్లు ఈ దారే వెళ్లమని గట్టిగా చెప్పారు. అదే డౌన్ పేమెంట్‌తో నాలుగు కార్ల బదులు ఆరు వస్తాయని ఆశ పెట్టారు.

వద్దన్నాం. బ్యాటరీ కోసం అదనంగా కట్టే 4 లక్షలు అప్పుగా తెచ్చినా నెలకు 8,500, అదీ ఐదేళ్లకు ముగుస్తుంది. అద్దెకైతే 5,000 కిలోమీటర్లకు నెలకు 19,500. వడ్డీతో కలిపి బ్యాటరీ సొంతానికి పడేది 5.10 లక్షలు, అద్దె రూపంలో అంత మొత్తం 26 నెలల్లోనే కట్టేస్తాం. ఆ తరవాత కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది. కస్టమరు ఉన్నా లేకున్నా తిరుగుతుంది: శంషాబాద్‌లో దింపి ఖాళీగా 40 కిలోమీటర్లు వెనక్కి వస్తే 156 రూపాయలు బ్యాటరీకే. కారు అమ్మాలంటే బ్యాటరీ ఒప్పందాన్ని కొనేవాడి పేరు మీదికి మార్చాలి, లేదా మొత్తం కట్టి తీర్చాలి.

ఇంటి వాడకానికి మంచిదే కదా అని అడిగారు. తిరిగినా తిరగకున్నా నెలకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు అద్దె కట్టాలో ముందు చూడండి. మొదట్లో 1,500 కిలోమీటర్లన్నారు. మీరు 800 తిరిగి 1,500కి కడితే 5,850, అంటే కిలోమీటరుకు 7.30 పడ్డట్టు. పెట్రోలు పోయించుకున్నట్టే ఉంటుంది.

బ్యాటరీతో సహా కొనాలని తేలాక అసలు తలనొప్పి మొదలైంది. ఒకే ధరలో రెండు కార్లు: విండ్సర్ 38 యూనిట్లు 14 లక్షలు, నెక్సాన్ 45 యూనిట్లు 13.99 లక్షలు. మేము లెక్కేసినప్పటి ఎక్స్‌షోరూమ్ ధరలివి, కింది వేరియంట్లవి. ధరను యూనిట్లతో భాగిస్తే విండ్సర్‌కు యూనిట్‌కు 36,800, నెక్సాన్‌కు 31,100. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ కారంటే బ్యాటరీ ఒక్కటే కాదు. విండ్సర్ చక్రాల మధ్య దూరం 2,700 మిల్లీమీటర్లు, నెక్సాన్‌ది 2,498. ఆ జానెడు తేడా మొత్తం వెనక సీట్లో కూర్చున్నవాళ్ల మోకాళ్ల దగ్గర కనిపిస్తుంది. విండ్సర్ వెనక సీటు వాలుతుంది కూడా. డిక్కీ 604 లీటర్లు, నెక్సాన్‌ది 350. ఎయిర్‌పోర్ట్ పని ఒక్కటే అయితే ఆలోచించకుండా విండ్సర్ తీసుకునేవాళ్లం. దాన్ని కాదన్నందుకు నాకు ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంది.

కాదనడానికి కారణం విజయవాడ రోడ్డు. మియాపూర్ నుంచి సూర్యాపేట 165 కిలోమీటర్లు, అక్కణ్నుంచి విజయవాడ ఇంకో 135. హైవే మీద 90 దాటకుండా, ఏసీ వేసి నడిపితే నెక్సాన్ వంద కిలోమీటర్లకు దాదాపు 16.5 యూనిట్లు తాగుతుంది. విండ్సర్ కాస్త ఎత్తు, వెడల్పు ఎక్కువ కాబట్టి గాలిని ఎక్కువ తోసుకోవాలి, 17.5 వేసుకోండి. నూరు శాతంతో బయల్దేరితే నెక్సాన్ సూర్యాపేటకు 40 శాతంతో చేరుతుంది. విజయవాడ వెళ్లి 15 శాతం చేతిలో ఉండాలంటే 65 కావాలి, అంటే 11 యూనిట్లు ఎక్కించాలి: పదిహేను నిమిషాలు. విండ్సర్ 24 శాతంతో చేరుతుంది, 77 దాకా ఎక్కించాలి, అంటే 20 యూనిట్లు. అది 45 కిలోవాట్లకు, అంటే గంటకు 45 యూనిట్లకు, మించి తీసుకోదు, 70 శాతం దాటాక ఇంకా నెమ్మదిస్తుంది. ముప్పై అయిదు, నలభై నిమిషాలు. టీ తాగి రావడానికీ, పిల్లలు విసిగిపోవడానికీ మధ్య తేడా అది.

పైగా హైవే మీద చాలా చార్జర్లు 60 కిలోవాట్లవి, రెండు గన్నులతో (కారుకు తగిలించే ప్లగ్గులు). పక్క గన్నుకు ఇంకో కారు తగిలించగానే చెరో 30 అవుతుంది. అప్పుడు 11 యూనిట్లకు 22 నిమిషాలు, 20 యూనిట్లకు 40 పైనే. ముందు ఒక కారు ఉంటే దాని సమయం కూడా కలపండి. ఖర్చు సంగతీ ఉంది: మా యార్డులో రాత్రి చార్జింగ్ అన్నీ కలిపి యూనిట్‌కు 8 రూపాయల చుట్టుపక్కల పడుతుంది, బయట ఫాస్ట్ చార్జర్లో 18 శాతం జీఎస్టీతో కలిపి 18 నుంచి 24. పెద్ద బ్యాటరీ అంటే యార్డు కరెంటు మీద ఎక్కువ దూరం పోవడం.

విండ్సర్ ప్రో తీసుకోవచ్చు కదా అంటే, 52.9 యూనిట్ల బ్యాటరీతో అది రెండు కోరికలూ తీరుస్తుంది. కానీ 2025 మేలో 17.49 లక్షలకు వచ్చి, మొదటి 8,000 బుకింగ్‌లు అయిపోగానే అదే వేరియంటు 18.10కి వెళ్లింది. కింది వేరియంటు చూసినా మనకు మూడు లక్షలకు పైగా అదనం, కిలోమీటరుకు ఇంకో రూపాయి అరవై పెంచాల్సి వచ్చేది. మీరు ఒప్పుకోరని నాకు తెలుసు.

కాబట్టి నాలుగూ నెక్సాన్ 45లే, వేరే షోరూమ్ నుంచి. ఛాసిస్ నంబర్లు చేతిలోకి వచ్చాకే డబ్బు కట్టాం. ఫిబ్రవరి రెండో వారానికి రోడ్డెక్కుతాయి. ప్రమాదంలో కారు ఎంత భద్రమో చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 స్టార్లు వచ్చిన కారు. వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే మధ్యలో ఉన్నవారికి విజయవాడ దాకా సుఖంగా ఉండదు, ముందే చెబుతున్నా. "బ్యాటరీకి జీవితకాల వారంటీ ఉందటగా" అని అడిగేవాళ్లకు: అది సొంత వాడకానికి, మొదటి ఓనరుకు. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలున్న కారుకు వారంటీ కాగితం వేరు, సంవత్సరాలూ కిలోమీటర్లూ రెండూ లెక్కే.

కారు కొత్తదైనా, పాతదైనా మా పద్ధతులు మారవు. ఊరి ట్రిప్పుకు 80 శాతం చార్జింగ్ లేని కారు పంపం. రేంజి (చార్జింగ్‌తో పోయే దూరం) కోసం ఏసీ కట్టేయమని డ్రైవరు అంటే నాకు ఫోన్ చేయండి. దారిలో చార్జింగ్‌కు ఆగిన సమయానికి వెయిటింగ్ తీసుకోం. వారానికి ఒక రాత్రి ప్రతి కారునూ నూరు శాతం నింపుతాం. మా కార్లలో ఉన్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్‌లో చార్జ్ తగ్గుతున్నా వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది, కాబట్టి ఎంత మిగిలిందో కారు అంచనా వేసుకోవాలి. వారాల తరబడి 80 దగ్గరే ఆపుతూ పోతే ఆ అంచనా దారి తప్పుతుంది. 18 చూపించి ఒక్కసారిగా 9కి పడిపోయే కార్లు ఇలా తయారైనవే.

ఇక సామాన్ల సంగతి. అమెరికా వెళ్లేవాళ్లకు మనిషికి 23 కిలోల సూట్‌కేసులు రెండు. నెక్సాన్ డిక్కీలో పెద్దవి రెండు, పక్కన ఒక క్యాబిన్ బ్యాగు పడతాయి, మూడోది వెనక సీటు సగం మడిస్తేనే. పైన క్యారియర్ కట్టమని అడగకండి, గాలికి అడ్డం పడి రేంజి తగ్గుతుంది. మూడుకు మించి పెద్ద పెట్టెలుంటే బుకింగ్ మెసేజ్‌లోనే సంఖ్య రాయండి, మాతో కలిసి పనిచేసేవాళ్ల ఎర్టిగా పంపిస్తాం. అది సీఎన్‌జీ బండి, ఎయిర్‌పోర్ట్‌కు 1,450. తెల్లవారుజాము ఫ్లైట్లకైతే ముందు రోజు సాయంత్రం 6 లోపు చెప్పాలి.