కొన్నది మనం, పెత్తనం కంపెనీది
డబ్బు పెట్టి కొన్న స్మార్ట్‌ఫోన్‌లో అక్కర్లేని యాప్‌ను తీసేసే హక్కు కొన్నవారికే లేకపోవడం అన్యాయం. మా అమ్మకు ఈమధ్య కొన్న తక్కువ ధర ఫోన్‌లో ఆమె ఎన్నడూ తెరవని ఆటలు, షాపింగ్ యాప్‌లు ముందే ఉన్నాయి. కొన్నింటికి ‘అన్‌ఇన్‌స్టాల్’ లేనే లేదు, ‘డిజేబుల్’ మాత్రమే ఉంది. అంతకంటే బాధ పెట్టేది లాక్ స్క్రీన్. ఫోన్ చేతిలోకి తీసుకోగానే ప్రకటనలు, సినిమా వార్తల బొమ్మలు. వేలు కాస్త పక్కన తగిలితే ఏదో వెబ్ పేజీ తెరుచుకుంటుంది, ఎవరికో కాల్ చేయబోయిన పెద్దావిడకు టెన్షన్. దాన్ని ఆపే సెట్టింగ్ ఎక్కడో లోపలి మెనూల్లో దాగి ఉంది. ఫోన్లలో ముందే వేసిన తన యాప్‌ల తొలగింపును అడ్డుకోరాదని 2022 అక్టోబరులో, మార్కెట్‌లో పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌ను ఆదేశించింది. 2023 మార్చిలో, కమిషన్ నిర్ణయాలపై అప్పీళ్లు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఐరోపా సమాఖ్య మాత్రం డిజిటల్ మార్కెట్ల చట్టంలో పెద్ద కంపెనీలపై ఈ నిబంధన పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వమూ చట్టమే తేవాలి. ఫోన్ పనిచేయడానికి తప్పనిసరైనవి మినహా ప్రతి యాప్‌నూ తొలగించే వీలుండాలి, లాక్ స్క్రీన్ ప్రకటనలు మనం ఒప్పుకుంటేనే మొదలవ్వాలి, ముందే వేసిన యాప్‌ల జాబితాను ఫోన్ పెట్టె మీద తెలుగులోనూ అచ్చు వేయాలి.
– ఓ పాఠకుడు, ఖమ్మం