పరీక్షకు ఖాళీ కంప్యూటర్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ పూర్తిచేసే పిల్లలకు డేటాబేస్ రంగంలో ఉన్న అవకాశాల గురించి మీ చదువుల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. జీతాల సంగతి, కోర్సుల సంగతి వివరంగా రాశారు. అయితే ఆ పిల్లల్లో చాలామందికి ఒక మామూలు డెస్క్‌టాప్‌లో డేటాబేస్ సర్వర్ (సమాచారాన్ని పట్టికల్లో దాచి, అడిగిన కంప్యూటర్లకు అందించే ప్రోగ్రామ్) ఎక్కించి, నాలుగు రోజులు నిలబెట్టడం రాదన్న సంగతి కూడా రాసి ఉంటే బాగుండేది.

నేను గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లోని ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక ఏటా ఒకరిద్దరు పిల్లలు మా ఆఫీసుకు వస్తున్నారు. తెలివైనవాళ్లే. పట్టికలను కలిపి చూపే జాయిన్లు, ప్రశ్నలో ప్రశ్న వేసే సబ్‌క్వెరీలు రికార్డు పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటారు. ఒకే సమాచారం పదిచోట్ల రాకుండా పట్టికలను విడగొట్టే నార్మలైజేషన్ గురించి అడిగితే, 1970లో ఐబీఎంలో పనిచేస్తూ కాడ్ రాసిన పరిశోధన పత్రం దగ్గర మొదలుపెట్టి గడగడా అప్పజెబుతారు. ఖాళీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ‘దీంట్లో సర్వర్ పెట్టు బాబూ’ అంటే మాత్రం దిక్కులు చూస్తారు. వాళ్లను అనవలసిన పని లేదు. ల్యాబ్‌లో ఎవరో ముందే పెట్టి ఉంచిన సర్వర్‌తో, బల్లకు అంటించి ఉంచిన పాస్‌వర్డ్‌తో చదువంతా గడిచిపోతే ఇంకెలా ఉంటారు?

మాకు కావలసింది కూడా బ్రహ్మవిద్య కాదు. ఏ రైతు ఏ తేదీన ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపాడు, సరుకు రకం తేజానా, 334ఆ, బాడిగా, ఏ ఛాంబర్‌లో ఎక్కడ వేశాం, ఎంత బయటికి వెళ్లింది, అద్దె ఎంత రావాలి. ఇంతే. ఇదివరకు ఈ భాగవతమంతా ఎక్సెల్ ఫైలులో నడిచేది. కాటా దగ్గర ఒకరు, ఆఫీసులో ఒకరు చెరొక ప్రతిలో రాసుకుని, సాయంత్రం ఏది సరైనదో తేల్చుకోలేక తగవు పడేవారు. ఈ మాత్రం పనికి నెలనెలా బాడుగ కట్టే క్లౌడ్ దేనికి? 8 జీబీ మెమరీ ఉన్న డెస్క్‌టాప్, అందులో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో పరిశోధనగా మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు మార్చుకున్న ఈ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము పైసా లేదు. మైఎస్‌క్యూఎల్ అయినా, దాని నుంచి 2009లో వేరుపడిన మరియాడీబీ అయినా ఈ పని చేస్తాయి. నాకు పోస్ట్‌గ్రెస్ అలవాటు, అంతే.

విండోస్‌లో ఎక్కించడం అరగంట పని. ప్రోగ్రామ్ ఎక్కడ ఉండాలి, డేటా ఫోల్డర్ ఎక్కడ ఉండాలి, పోస్ట్‌గ్రెస్ అనే పేరుతో ఉండే సర్వాధికారి ఖాతాకు పాస్‌వర్డ్ ఏమిటి, మిగతా కంప్యూటర్లు సర్వర్‌ను పలకరించే ద్వారం, అంటే పోర్టు సంఖ్య ఎంత అని ఇన్‌స్టాలర్ అడుగుతుంది. పోర్టు గడిలో 5432 అని ముందే ఉంటుంది, దాన్ని కదపనక్కర్లేదు. అసలు కథ పాస్‌వర్డ్ దగ్గరే. పిల్లలు తోచింది కొట్టి ముందుకు సాగుతారు, మధ్యాహ్నానికి మరిచిపోతారు. అప్పుడు ఎక్కడో చదివి, ఎవరిని ఎలా లోపలికి రానివ్వాలో రాసి ఉండే హెచ్‌బీఏ ఫైలు తెరిచి, పాస్‌వర్డ్ పరీక్ష పద్ధతి పేరు కొట్టేసి ‘ట్రస్ట్’ అని రాస్తారు. తలుపు తెరుచుకుంటుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవడానికి కాసేపు అలా మార్చడం తెలిసినవాళ్లూ చేసేదే. పని అయ్యాక పాత మాట తిరిగి రాయకపోవడమే ప్రమాదం. ఫైలులో ఆ వరుసలో రాసిన నెట్‌వర్క్ చిరునామా నుంచి ఎవరు వచ్చి ఏ పేరు చెప్పుకున్నా పాస్‌వర్డ్ అడగకుండా పంపించు అని దాని అర్థం. ఇక కాటా దగ్గరి కంప్యూటర్‌ను కలపాల్సి వచ్చినప్పుడు, దాని ఒక్కదాని చిరునామా రాయకుండా 0.0.0.0/0 అని రాసి పని కానిచ్చిన అబ్బాయినీ చూశాను. అది లోకంలోని ప్రతి చిరునామాకూ వర్తిస్తుంది. పైన చెప్పిన ట్రస్ట్, ఈ సున్నాలు ఒకే వరుసలో చేరాయంటే రైతుల బాకీలు, ఫోను నంబర్లు వీధిలో పెట్టినట్టే. ఏ క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) ఎన్ని మార్కులో చెప్పే సిలబస్‌లో ఈ రెండు ముక్కలూ ఉండవు.

పాఠ్యపుస్తకాల్లో దొరకని చిక్కులు ఇంకా ఉన్నాయి. సీజన్‌లో కాటా ముందు లారీలు బారులు తీరి ఉండగా, భోజనాల వేళకు సర్వర్ అందడం లేదని తెర మీద ఎర్రటి సందేశం వచ్చేది. కాసేపటికి ఎవరో వెళ్లి మౌస్ కదిపితే అంతా మామూలే. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన కుర్రవాడు పోస్ట్‌గ్రెస్ పాడైందని తేల్చి, తీసేసి మళ్లీ ఎక్కిస్తానన్నాడు. అతనితో వచ్చిన అమ్మాయి అడ్డుపడి, కాటా కంప్యూటర్ నుంచి సర్వర్ ఉన్న డెస్క్‌టాప్‌కు, పలుకుతుందో లేదో చూసే పింగ్ కొట్టింది. జవాబు లేదు. ‘సార్, పోస్ట్‌గ్రెస్‌కు ఏమీ కాలేదు. ఎవరూ ముట్టుకోకపోతే ఈ కంప్యూటరే నిద్రపోతోంది’ అంది. విండోస్ పవర్ సెట్టింగులో స్లీప్ అన్నచోట ‘నెవర్’ అని పెట్టింది. అదే ఊపులో రౌటర్‌లో ఆ డెస్క్‌టాప్‌కు చిరునామా మారకుండా ఖాయం చేసింది. ఆ పిల్లకు కాలేజీలో డేటాబేస్ పేపర్‌లో వచ్చినవి అత్తెసరు మార్కులట!

కరెంటు సంగతి చెప్పకపోతే గుంటూరువాడిని ఎలా అవుతాను? మధ్యలో కరెంటు పోతే లెక్కలు గల్లంతవుతాయని మా యజమాని మొదట్లో భయపడ్డారు. ఆయనకు అర్థమయ్యే భాషలోనే చెప్పాను. మన కొట్లలో గుమస్తా ముందు చిట్టా రాసి, తర్వాత తీరిగ్గా ఆవర్జాకు ఎత్తేవాడు కదా, పోస్ట్‌గ్రెస్ కూడా ప్రతి మార్పునూ ముందు లాగ్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే అసలు పట్టికల ఫైళ్లలో వేస్తుంది. కరెంటు వచ్చి మళ్లీ లేచినప్పుడు ఆ చిట్టా తిరగేసి, ఆవర్జాకు ఎక్కనివి తానే ఎక్కించుకుంటుంది. ఆయన వెంటనే, ‘అయితే చిట్టా తడిస్తే?’ అన్నారు. సరైన ప్రశ్న. లాగ్ నిజంగా డిస్క్‌కు చేరేదాకా ఆగమని చెప్పే ఎఫ్‌సింక్ అనే సెట్టింగు ఒకటి ఉంది. వేగం కోసం దాన్ని ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ మాట వినకూడదు. యూపీఎస్ ఎలాగూ ఉండాలి.

తెలుగు పేర్ల విషయం మన పిల్లలకు మనం తప్ప ఇంకెవరూ నేర్పరు. డేటాబేస్ తయారుచేసేటప్పుడే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను దాచే పద్ధతి, తెలుగునూ పట్టే యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసుకోవాలి. మా పాత రైతుల జాబితాలు డీటీపీ కొట్లో అను ఫాంట్లలో కొట్టించినవి. తెర మీద చక్కని తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లోకి మార్చకుండా వాటిని పట్టికలో పోస్తే, రైతు ఎదురుగా నిలబడి పేరు చెబుతున్నా కంప్యూటర్ అలాంటి మనిషే లేడంటుంది.

బ్యాకప్ గురించి ఎంత చెప్పినా తక్కువే. సర్వర్ నడుస్తుండగా డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బ్యాకప్ అయిందనుకుంటారు. సగం మారిన ఫైళ్లు, సగం మారని ఫైళ్లు కలిసిన ఆ కాపీని నమ్మడానికి లేదు. డేటానంతా ఒక ఫైలులోకి దించే పీజీ డంప్ అనే పనిముట్టు సర్వర్‌తో పాటే వస్తుంది. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే రోజూ రాత్రి తనపని తాను చేసుకుపోతుంది. ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లో తిరిగి పోసి, నిన్నటి టిక్కీల లెక్క సరిపోయిందని కళ్లతో చూసేదాకా నేను దాన్ని బ్యాకప్ అనను. ఒక్కో ప్రధాన వెర్షన్‌కు 5 ఏళ్ల వరకే మరమ్మతులు వస్తాయి కనుక, ఎప్పుడో ఒకప్పుడు కొత్తదానికి మారక తప్పదు. పాత వెర్షన్ డేటా ఫోల్డర్‌ను కొత్తది నేరుగా తెరవదు. అప్పుడు కూడా ఆదుకునేది ఈ డంపే.

అందుకని విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలకు మీ పత్రిక ద్వారా నా మనవి. డేటాబేస్ ప్రాక్టికల్ పరీక్షలో పిల్లవాడికి సర్వర్ లేని కంప్యూటర్ ఇవ్వండి. అతనే ఎక్కించాలి, అతనే పాస్‌వర్డ్ పెట్టాలి, పక్క బల్ల మీది కంప్యూటర్ ఒక్కదానికే అనుమతి ఇవ్వాలి. నాలుగు తెలుగు పేర్లు ఎక్కించి బ్యాకప్ తీశాక, పరీక్షకుడు ఆ పట్టికను తుడిచేయాలి. తిరిగి తెచ్చినవాడికి సగం మార్కులు. మిగతా సగానికి మీ జాయిన్లు, సబ్‌క్వెరీలు అడగండి.

కంప్యూటర్లు చాలవని కాలేజీలవారు అనవచ్చు. మా ఆఫీసులో పక్కన పెట్టిన డెస్క్‌టాప్‌లు రెండున్నాయి. కొత్త పోస్ట్‌గ్రెస్ విండోస్‌లో 64 బిట్‌కే దొరుకుతుంది, ఇవి ఆ రకమే. ఇవ్వడానికి మా యజమాని ఒప్పుకున్నారు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక మాకూ కాస్త తీరిక ఉంటుంది, ఏ కాలేజీవారైనా వచ్చి తీసుకెళ్లవచ్చు. కీబోర్డులు మాత్రం వారే తెచ్చుకోవాలి, మావాటిలో మిరప దుమ్ము దూరి మీటలు అతుక్కుపోయాయి.

ఇట్లు,
ఒక కోల్డ్ స్టోరేజీ గుమస్తా, గుంటూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)