దోషి గ్యాలరీలో, జరిమానా క్లబ్బుకి

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో గ్యాలరీ నుంచి జరిగే దాడుల గురించి ఈ ఉత్తరం. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో గ్యాలరీకీ మైదానానికీ మధ్య పరుగుపందేల ట్రాక్ ఉంది. ఎవడో కోపంతో విసిరిన సీసా ఆ ట్రాక్ మీద పడిందంటే ఎవరికీ దెబ్బ లేదు, దెబ్బ లేదు గనుక కేసూ లేదు. ఇంగ్లండ్‌లో 1991 ఫుట్‌బాల్ నేరాల చట్టం ప్రకారం మైదానం వైపు విసరడమే నేరం, తగిలినా తగలకపోయినా.

మన దగ్గర దెబ్బ తగిలినా పెద్దగా ఒరిగేది లేదు. మామూలు గాయమైతే భారతీయ న్యాయ సంహిత 115(2) కిందికి వస్తుంది. మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. బహిరంగంగా కొట్టుకుంటే 194వ సెక్షన్: గరిష్ఠంగా నెల జైలు, లేదా 1,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పైగా తన్నులు తిన్న పొరుగూరి అభిమాని ఆ రాత్రే బస్సెక్కేస్తాడు. వాయిదాలకు మళ్లీ ఎవరొస్తారు?

అసలు చిక్కు సాక్ష్యంతోనే. నాలుగు టికెట్లు ఒకే ఫోన్ నంబరు మీద కొంటారు, సీటు నంబరు చూసి కూర్చునేవారు తక్కువ. సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకు చెరిగిపోయి దానిమీదే కొత్తది పడుతుంది. ఫోన్లో తీసిన వీడియోని వాట్సాప్‌లో వీడియోగానే పంపితే సైజు తగ్గి, హ్యాష్ (ఫైలుకి వేలిముద్రలాంటి సంకేతం) మారిపోతుంది. డిజిటల్ సాక్ష్యంతో పాటు కోర్టుకిచ్చే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో రాయాల్సింది ఆ హ్యాష్‌నే. అందుకే అసలు ఫైలు ఉన్న ఫోన్ ముఖ్యం.

అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ క్రమశిక్షణ చర్యలు ఎక్కువగా క్లబ్బులు, ఆటగాళ్లు, అధికారుల మీదే. 2012 డిసెంబర్ 9న కోల్‌కతాలో మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీకి గ్యాలరీ నుంచి వచ్చిన రాయి తగిలింది. రెండో సగం ఆడనన్న ఆ క్లబ్బుకే చివరికి 2 కోట్ల జరిమానా పడింది!

డప్పులు కొట్టి పాటలు పాడేవాళ్లను రౌడీలనడం మాత్రం ఘోరం. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో 97 మంది పోతే, నెపం ఏళ్ల తరబడి అభిమానుల మీదే వేశారు.

ఇంగ్లండ్ కోర్టులు దోషిని 3 నుంచి 10 ఏళ్లు స్టేడియాలకు దూరం పెడతాయి, విదేశీ మ్యాచ్‌లప్పుడు పాస్‌పోర్టూ అప్పగించాలి. అలాంటి చట్టం కర్ణాటక ప్రభుత్వం తేవాలి. ఈలోగా క్లబ్బులు చేయగలిగింది ఉంది: ప్రతి సీటుకీ పేరు రాసుకోవడం, గొడవ జరిగిన రాత్రే కెమెరా రికార్డు కాపీ తీసి పోలీసులకు రాతపూర్వకంగా అందజేయడం.

— ఒక ఫుట్‌బాల్ అభిమాని, మారతహళ్లి, బెంగళూరు