ఇకపై కొత్త ట్యాంకుతో రంగు రాళ్ల సంచి ఇవ్వడం లేదు

కడపలో మా చేపల షాపుకు వచ్చే అన్నలకు, అక్కలకు, వాళ్ల చేయి పట్టుకుని లాక్కొచ్చే పిల్లలకు నమస్కారం. వచ్చే నెల నుంచి కొత్త ట్యాంకు సెట్టుతో పాటు అడుగున పోసే రంగు రాళ్లు మేం ఇవ్వం. అదే ధరలో అడుగుకు టైల్ బిగించి ఇస్తాం, లేదా ట్యాంకు కింద నల్ల రేడియం షీటు అంటించి ఇస్తాం. రాళ్లే కావాలన్నవాళ్లకు షాపులో దొరుకుతాయి, కాకపోతే విడిగా కొనుక్కోవాలి.

దీంట్లో మాకొచ్చే లాభనష్టాలు కూడా చెప్పేస్తా. రంగు రాళ్లలో మార్జిన్ బాగుంటుంది. పైగా రాళ్లున్న ట్యాంకు కడగడం ఇంట్లోవాళ్లకు తలనొప్పి కాబట్టి మా అబ్బాయిని పిలుస్తారు, ఆ సర్వీసు డబ్బులూ వస్తాయి. ఇప్పుడు ఆ రెండూ తగ్గుతాయి. అయినా ఎందుకంటే, రాళ్లు కడిగి కడిగి విసుగొచ్చినవాళ్లు చివరికి ట్యాంకును మేడమీద బోర్లించేస్తున్నారు. బోర్లించిన ట్యాంకుకు మేతా అక్కర్లేదు, చేపలూ అక్కర్లేదు. ఏళ్ల తరబడి మేత కొనే ఇల్లు నాకు ముఖ్యం, ఒకసారి కొనే రాళ్ల సంచి కాదు.

రాళ్లతో అసలు గొడవ ఏంటంటే, మిగిలిన మేత, చేపల మలం సందుల్లోకి దిగిపోయి కనపడకుండా కుళ్లుతాయి. కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ట్యాంకులోని మంచి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది, కానీ చెత్త ఎక్కువైతే దానికీ చేతకాదు. మన దగ్గర ఇంకో చిక్కుంది. చాలా ఇళ్లలో వాడేది బకెట్‌కు తెల్ల చారలు కట్టే గట్టి బోరు నీళ్లు, పీహెచ్ (నీళ్లు ఎంత పులుపో, ఎంత క్షారమో చెప్పే కొలత) ఎక్కువ. ఎండాకాలం సంగతి కడపోళ్లకు నేను చెప్పక్కర్లేదు. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అంతే అమ్మోనియా చేపకు ఇంకా విషమవుతుంది. దానికితోడు 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పట్టే ఆక్సిజన్, 35 డిగ్రీల దగ్గర సుమారు 7కు పడిపోతుంది. మే నెలలో 'రాత్రి బాగానే ఉన్నాయన్నా, తెల్లారేసరికి పోయినాయి' అని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఇక్కడే ఉంటుంది.

'రాళ్లు లేకపోతే బోసిగా ఉండదా?' అని అప్పుడే అడుగుతున్నారు. ఏమీ వేయకుండా వదిలేస్తే నిజంగానే బోసిగా ఉంటుంది. అద్దం కింద థర్మకోల్ తెల్లగా కనపడి ట్యాంకు ఐస్ డబ్బాలా ఉంటుంది. అడుగు అద్దంలో నీడ చూసి కొన్ని చేపలు బెదురుతాయి కూడా. అందుకే రేడియం షీటు. బండ్లకు స్టిక్కర్లు వేసే షాపుల్లో దొరికే నల్లదే, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు బయటి వైపు నుంచి అంటిస్తాం. లోపల నీళ్లకు తగిలేది అద్దం ఒక్కటే కాబట్టి ఏ టెన్షనూ లేదు. నలుపు మీద గోల్డ్ ఫిష్ ఎరుపు ఎలా ఎగసి కనపడుతుందో షాపులో ముందు వరస ట్యాంకు చూడండి. అన్నిటికంటే చవక ఇదే. నా ఓటు కూడా దీనికే.

టైల్ ఇంకా అందంగా ఉంటుంది, కొంచెం పని ఎక్కువ. బూడిద రంగు, ఇసుక రంగు, చెక్క గీతలున్న మ్యాట్ టైల్ తీసుకుంటాం. తళతళలాడేదైతే మళ్లీ అద్దంలాగే మెరుస్తుంది. లోపలి కొలత కంటే చుట్టూ 2, 3 మిల్లీమీటర్లు తక్కువకు కోయించి, అంచుల వెంట సిలికాన్ పూస్తాం. ఆ సందు మూయకపోతే మేత టైల్ కిందకు దూరి అక్కడ కుళ్లుతుంది, రాళ్లే నయమనిపిస్తుంది. సొంతంగా చేసుకునేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బాత్‌రూముల కోసం అమ్మే ఫంగస్ పట్టని సిలికాన్ వాడొద్దు, దాంట్లోని మందు చేపలకు పడదు. అక్వేరియం సిలికాన్ అని రాసున్నదే కొనండి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, ఆ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయకండి. మేం రెండు రోజులు ఆగుతాం, అందుకే టైల్ ఆర్డరు అదే రోజు చేతికి రాదు.

ఇక అందరూ అడిగేది నాపరాయి. కడపలో ఉండి ఇంకెక్కడి టైలో ఎందుకు, ఎర్రగుంట్ల నుంచి నల్ల బండ తెచ్చి వేస్తే సరిపోదా అని. చూడ్డానికి నాపరాయిని కొట్టేది లేదు, ఒప్పుకుంటా. కానీ అది సున్నపురాయి జాతి. వంటగట్టు మీద నిమ్మరసం పడితే తెల్ల మచ్చ పడుతుంది కదా, పులుపుకు రాయి కరిగిన గుర్తే అది. ట్యాంకులో కూడా నీళ్లు మెత్తగా, కాస్త పుల్లగా ఉంటే అది మెల్లగా కరిగి నీళ్లను గట్టిపరుస్తుంది. బోరు నీళ్లలో గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ పెంచేవాళ్లకు దీంతో పెద్దగా తేడా రాదు, ఆ నీళ్లు ముందే గట్టివి. ఆర్వో నీళ్లు కలిపి నియాన్ టెట్రా, డిస్కస్ పెంచేవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు. ఇంకో మాట, నల్లగా నిగనిగలాడాలని బండలకు నూనె, పాలిష్ రాసి అమ్ముతుంటారు. మనకు కావాల్సింది ఏదీ రాయని పచ్చి బండ. బరువూ చూసుకోండి. 2 అడుగుల ట్యాంకుకు 20 మిల్లీమీటర్ల బండ వేస్తే దాదాపు 10 కేజీలు. అది చేయిజారి అడుగు అద్దం మీద పడితే ఆ రోజుకు పండగే. రాయే కావాలంటే గ్రానైటు ముక్క మేలు, అది నీళ్లలో కరగదు. గ్రానైటు షాపుల వెనక కోతల్లో మిగిలిన ముక్కలు పడుంటాయి, అడిగి చూడండి.

మొక్కలకు రాళ్లు కావాలి కదా అంటారు. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటివి చెక్కకో రాయికో దారంతో కట్టేస్తే చాలు, పైగా వాటి దుంపను పూడిస్తే కుళ్లిపోతుంది. వేరు దిగాల్సిన మొక్క అయితే చిన్న మట్టి కుండీలో పెట్టి లోపల దించండి. ట్యాంకు పై అంచున మనీప్లాంటు కొమ్మ వేర్లు నీళ్లలో ఉండేలా పెడితే నైట్రేట్ కొంత పీలుస్తుంది.

అందరికీ ఇది పనికిరాదు. కోరీలు, లోచ్‌లు అనే చేపలు అడుగున ఇసుకలో మూతి పెట్టి మేత వెతుక్కునే జీవాలు, వాటికి సన్న ఇసుక ఉండాల్సిందే. రాళ్లు లేని ట్యాంకులో మలం కళ్లెదుటే కనపడుతుంది, రెండ్రోజులకోసారైనా పైపుతో లాగాలి. అయిదు నిమిషాల పనే, కానీ చేయాలి. గోల్డ్ ఫిష్ ఉన్న ఇళ్లకు మాత్రం గట్టిగా చెప్తున్నా, రాళ్లు నోట్లో పెట్టుకుని గొంతులో ఇరికించుకునే అలవాటు వాటికుంది.

ఇప్పటికే రాళ్లున్న ట్యాంకులవాళ్లు ఈ ఆదివారమే అన్నీ తీసి పారేయకండి. మంచి బ్యాక్టీరియాలో చాలా భాగం ఆ రాళ్ల మీదే ఉంటుంది. వారానికి పావు వంతు చొప్పున తీయండి, ఆ వారాల్లో మేత తగ్గించండి. మీది రాళ్ల కింద ప్లేటు ఉండే అండర్ గ్రావెల్ ఫిల్టరైతే రాళ్లు తీస్తే అది ఉత్తదే. కాబట్టి రాళ్లు ముట్టుకునే ముందే స్పాంజి ఫిల్టరు పెట్టి నెల రోజులు పాత దాంతో కలిపి నడపండి. స్పాంజిని కొళాయి కింద కడగొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

పాత ట్యాంకుకు టైల్ వేయించుకోవాలంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాలి, అప్పటిదాకా మీ చేపలను, పాత ఫిల్టరును షాపులో పెట్టుకుంటాం, దానికి డబ్బులు తీసుకోం. టైల్, కోత కూలి, సిలికాన్ బిల్లులో విడివిడిగా రాస్తాం. ప్రొద్దుటూరు, మైదుకూరు, రాయచోటి వైపు నుంచి వచ్చేవాళ్లు ట్యాంకు మోసుకు రావద్దు. లోపలి పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో కొలిచి పంపితే టైల్ కోయించి పెడతాం, సిలికాన్ ఎలా పూయాలో కౌంటర్ దగ్గరే చూపిస్తాం. కొలత అద్దానికి లోపలి వైపే తీసుకోండి, అదీ అడుగు దగ్గర. పైన తీస్తే మూలల్లో పూసిన సిలికాన్ లెక్కలోకి రాదు, టైల్ కిందికి దిగదు.